గొలుసుకట్టు చెరువులు

కాకతీయుల యేలుబడిలో వెలసిన రామప్ప, పాకాల తటాకముల విస్తారమునకు అబ్బురపడువారు పలువురు గాని, తెలంగాణపు మెట్టసీమలను నిజముగా బ్రదికించినవి, ఎగువచెరువు అలుగు పారిన నీరు దిగువచెరువును నింపునట్లు వాగుల వెంబడి వరుసగా కూర్చిన చిన్న చెరువులే. తూము తెఱచు నీరటికాడు ఏ మడికెంత నీరు వలయునో యెఱిగినవాడు. వేసవిలో తీసిన పూడికమట్టి పొలమునకు సారమయ్యెడిది, ఇంకిన జలము ఊరిబావుల నూరించెడిది, చేపలకును కొంగలకును ఆ నీరే ఆశ్రయము. గొట్టపుబావులు వచ్చిన పిదప చెరువు విస్మృతమయ్యెను, చెరువుగర్భపు శికము భూములు ఆక్రమణల పాలయ్యెను. 2015లో ప్రభుత్వము మిషన్ కాకతీయ పేర పూడికతీతకు పూనుకొనుట మేలే. కాని నీరు తెచ్చు వాగు మూసికొనిపోయిన చెరువును ఎంత లోతు త్రవ్విన నేమి? విడివిడిగా గాక, గొలుసు మొత్తమును బాగుచేయవలెను; నీటిపంపకమును గ్రామస్థులకే అప్పగింపవలెను.