మాబ్ అంటే అల్లరిమూకేనా?



ఈ సంచికలో నేను ఒక ఇంగ్లీషు మాట గురించి రాస్తున్నాను. ఆ మాట "మాబ్". ఎం, ఓ, బి. మూడే అక్షరాలు. ఇంగ్లీషు-తెలుగు డిక్షనరీలో చూస్తే "అల్లరిమూక" అని ఉంటది. అది తప్పు కాదు, కానీ సగమే. మిగతా సగం మన లాంటి వాళ్ళం తప్పకుండా తెలుసుకోవాలి.

ముందు తెలుగు సంగతి చూద్దాం. చాలా ఉన్నాయని చెప్పడానికి తెలుగులో ఒక్కోదానికి ఒక్కో మాట. మేకలైతే మంద. చీమలైతే దండు. అరటికాయలైతే గెల. తాళంచెవులైతే గుత్తి. కట్టెలైతే మోపు. ఎవరైనా "కట్టెల మంద" అంటే మనం నవ్వుతాం. ఇంగ్లీషులో కూడా అట్లాంటి మాటలు ఉన్నాయి. వాటిలో కొన్ని నోటిమాటలో వాడేవి. "బంచ్" అంటే గుత్తి, కానీ నలుగురు స్నేహితులు కలిసి పోతుంటే వాళ్ళని కూడా బంచ్ అంటారు. "మాబ్" కూడా అట్లాంటి నోటిమాటే. కాబట్టి పరీక్షలో వ్యాసం రాసేటప్పుడు, ఆఫీసుకి అర్జీ రాసేటప్పుడు "క్రౌడ్" అనో "గ్రూప్" అనో రాయాలి.

మాబ్ ఎక్కడి నుంచి వచ్చింది? లాటిన్ భాషలో "మొబిలె వల్గస్" అని రెండు మాటలు ఉన్నాయి. మొబిలె అంటే కదిలేది, నిలకడ లేనిది. వల్గస్ అంటే మామూలు జనం. రెండూ కలిపితే నిలకడ లేని జనం అని అర్థం. ఇంగ్లండులో 1600ల చివర్లో దీన్ని కుదించి కుదించి మాబ్ చేశారు. మొబైల్ ఫోన్ అంటున్నాం కదా, ఆ మొబైల్ కూడా ఈ లాటిన్ మాట నుంచే వచ్చింది. గలివర్ కథ రాసిన జోనాథన్ స్విఫ్ట్‌కి మాబ్ అనే మాట అసలు నచ్చలేదు. భాషని పాడుచేస్తున్నారని 1710లో ఒక పత్రికలో రాశాడు. కానీ జనం ఆయన మాట వినలేదు.

ఇక్కడ ఒకటి గమనించాలి. చదువుకున్న వాళ్ళు, ఆస్తి ఉన్నవాళ్ళు వీధిలో పేదోళ్ళ గుంపుని చూసి పెట్టిన పేరు ఇది. ఆ గుంపులో ఉన్నవాళ్ళు తమకి తాము పెట్టుకున్నది కాదు.

1788లో ఇంగ్లండు వాళ్ళు 11 ఓడల్లో మనుషుల్ని తెచ్చి ఆస్ట్రేలియాలో దింపారు. వాళ్ళతో పాటే ఈ మాట కూడా అక్కడికి చేరింది. అక్కడ గొర్రెల మందని మాబ్ అన్నారు. పశువుల మందని మాబ్ అన్నారు. కంగారూల గుంపుని ఇప్పటికీ మాబ్ అనే అంటారు. ఆ దేశంలో వేల ఏళ్ళ నుంచి ఉంటున్న ఆదివాసుల్ని చూసి కూడా అదే మాట అన్నారు. గొర్రెలకి వాడిన మాటనే మనుషులకీ వాడారు.

తర్వాత జరిగింది ముఖ్యం. ఆ ఆదివాసులు ఆ మాటని తీసుకుని తమ సొంతం చేసుకున్నారు. ఇప్పుడు వాళ్ళు "మై మాబ్" అంటే "మా వాళ్ళు" అని అర్థం. అందులో ఇంటివాళ్ళు, చుట్టాలు, ఒకే భాష వాళ్ళు, ఒకే నేల వాళ్ళు అందరూ వస్తారు. ఇద్దరు కొత్తగా కలిస్తే "హూజ్ యువర్ మాబ్?" అని అడుగుతారు. అంటే "మీరు ఎవరి తాలూకు?" అని. "బిగ్ మాబ్" అంటే చాలా అని.

ఇంగ్లీషులో ఇంకో చిక్కు ఉంది. మనకి నువ్వు వేరు, మీరు వేరు. ఇంగ్లీషులో ఒక్కరైనా పదిమందైనా "యూ" అనే అనాలి. అందుకని ఆ ఆదివాసులు ఎక్కువమందిని పిలవాలంటే "యూ మాబ్" అంటారు. అమెరికాలో దీనికే "యూ గైజ్" అంటారు. వ్యాకరణం పుస్తకంలో లేని మాటని జనం అవసరం కొద్దీ తయారు చేసుకున్నారు.

వాళ్ళకి ఆ మాట ఎందుకంత ముఖ్యం? 1788లో ఆస్ట్రేలియాలో 250కి పైగా ఆదివాసీ భాషలు ఉండేవి. 2020 నాటి నివేదిక ప్రకారం, పిల్లలు ఇంట్లో నేర్చుకుంటూ గట్టిగా నిలిచినవి 12 మాత్రమే. సుమారు 1910 నుంచి 1970 దాకా అక్కడి ప్రభుత్వాలు చాలామంది ఆదివాసీ పిల్లల్ని తల్లుల దగ్గర నుంచి బలవంతంగా తీసుకుపోయాయి. సొంత భాష మాట్లాడనివ్వలేదు. 2008 ఫిబ్రవరి 13న ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో దానికి క్షమాపణ చెప్పాడు. అట్లా తప్పిపోయినవాళ్ళు పెద్దయ్యాక తమ మాబ్‌ని వెతుక్కున్నారు. మా మాబ్ దొరికింది అంటే మా అమ్మ ఊరు దొరికింది, మా పేరు దొరికింది అని. 2020లో కరోనా వచ్చినప్పుడు ప్రభుత్వమే ఆదివాసుల కోసం వేసిన ప్రచారంలో, మన మాబ్‌ని కాపాడుకుందాం అని ఆ మాటే వాడింది.

ఇది చదివినప్పుడు నాకు మన "గుంపు" గుర్తొచ్చింది. తెలుగులో "గుంపులో గోవిందా" అంటారు, అంటే సొంత ఆలోచన లేకుండా పదిమందితో పోయేవాడని. కానీ మా భద్రాచలం వైపు కోయ ఊళ్ళకి పేరు చివర గూడెం ఉన్నట్టే గుంపు కూడా ఉంటది. నాలుగు కుటుంబాలు అడవి పక్కన కలిసి ఇళ్ళు వేసుకుంటే అది గుంపు. అది మాకు ఊరు, చిరునామా. ముసలమ్మలు కొత్త పిల్లని చూస్తే "ఏ గుంపు? ఇంటిపేరేంది? ఏ గట్టు?" అని అడుగుతారు. అప్పుడే ఎవరు అన్న అవుతారో, ఎవరు బావ అవుతారో తెలుస్తది. హూజ్ యువర్ మాబ్ అన్నా ఇదే కదా!

అదే బయటివాళ్ళ నోట వేరేగా వస్తది. సంత రోజు ఒక ఆటో ఆయన మా అమ్మావాళ్ళని చూసి "ఈ మందంతా ఎక్కుతదా?" అన్నాడు. మా అమ్మ సంచి భుజాన వేసుకుని నడిచింది. మేమూ వెనకాల నడిచాం. అమ్మ చదువుకోలేదు, కానీ మంద అనే మాట దేనికి వాడతారో ఆమెకి నాకన్నా బాగా తెలుసు, మేకలు కాసింది కాబట్టి.

కనుక గుర్తుపెట్టుకోవలసినవి:

1. పేపర్లో "యాంగ్రీ మాబ్" అని ఉంటే అల్లరిమూక. ఆస్ట్రేలియా ఆదివాసి "మై మాబ్" అంటే మా వాళ్ళు. పక్కన ఏముంది, ఎవరు అంటున్నారు అని చూసి అర్థం చెప్పాలి.

2. డిక్షనరీలో మొదటి అర్థం చూసి ఆగకుండా కింది దాకా చదవాలి.

3. మనుషుల్ని మంద అనకూడదు. మన హాస్టల్లో చిన్న తరగతుల పిల్లల్ని కూడా అనకూడదు. అన్నం లైన్లో మనం ఆ మాట అంటూనే ఉన్నాం.

మీ ఇంట్లో, మీ భాషలో "మా వాళ్ళు" అనడానికి ఏమంటారు? కోయ, కొండరెడ్డి, లంబాడీ, నాయక్‌పోడు అక్కచెల్లెళ్ళు అందరూ చీటీ మీద రాసి ఇవ్వండి. వచ్చే సంచికలో అన్నీ ఒకచోట రాద్దాం.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని