నెల్లూరి అభ్రకము

పాతరకపు విద్యుత్ ఇస్త్రీపెట్టెను విప్పి చూచినచో, కాగెడి తీగకును ఇనుప పలకకును నడుమ పలుచని మెఱుపురేకొకటి కనబడును. అది వేడిమికి మాడదు, విద్యుత్తును దాటనీయదు. అది లేనిచో ఇస్త్రీ చేయు చేతికి ప్రాణభయమే. చూపునకు గాజువలె నున్నను అది గాజు కాదు, భూమిలో పుట్టిన ఱాయి. దాని పేరు అభ్రకము. పిల్లలు కాకిబంగారమని దాని తునుకలేరి పుస్తకములలో దాచుకొందురు. పెద్దలు దానినిగూర్చి తలచుట యరుదు.

మా మర్రిపాడు వెలిగొండల చెంతనున్న మెట్టసీమ. ఇచ్చటినుండి ఆత్మకూరు దాటి రాపూరు, సైదాపురము, గూడూరు దిక్కునకు పోవుకొలది నేలలో మెఱుపు హెచ్చును. ఇదియే నెల్లూరు అభ్రకపు సీమ. ఝార్ఖండులోని కోడర్మా, రాజస్థానము, నెల్లూరు: మన దేశమున అభ్రకమునకు పేరొందిన తావులు ఈ మూడును. కోడర్మా రేకు కెంపు చాయ గలది. మన రేకు లేత యాకుపచ్చ చాయ గలది.

అభ్రమనగా మేఘము. మన రసశాస్త్రకారులు అభ్రకమును నాలుగు తెగలుగా విభజించి, అగ్నిపరీక్షచే వాని భేదమును నిర్ణయించిరి. నిప్పులో వేసినపుడు రేకులు విచ్చునది పినాకము. కప్పవలె నఱచునది దర్దురము. పామువలె బుసకొట్టునది నాగము. ఏ వికారమును పొందనిది వజ్రము. ఇది కేవలము కవుల చమత్కారమని నవ్వువారు కలరు. నేను నవ్వజాలను. నెల్లూరు సీమలోనే దొరకు వెర్మిక్యులైటను ఖనిజము అభ్రకమునకు దగ్గఱ చుట్టము. దానిని కాల్చినచో పొరలలో చిక్కియున్న నీరు ఆవిరియై, రేకులు విడివడి, పురుగు సాగినట్లు పలుమడుగులు పొంగును. దాని పేరునకు మూలమైన లాటిను మాటకు అర్థము పురుగే. ఆ పినాకాదులను వర్ణించినవారు నిప్పుకడ కూర్చుండి, కన్నులతో చూచి, చెవులతో వినియే వ్రాసియుందురు. పరిశోధన యనగా నదియే గదా!

నేటి శాస్త్రజ్ఞులు ఇంకను లోనికి పోయిరి. సిలికాయు అల్యూమినాయు కలసి గట్టి పొరలుగా నేర్పడును. పొరకును పొరకును నడుమ పొటాసియము పలుచగా నుండి వానిని కూర్చును. ఆ కూర్పు బలహీనమగుటచే కత్తిమొన సోకినంతనే రేకులు విడిపోవును. ఒక్కొక్క రేకు మాత్రము గట్టిగనే యుండును. భూగర్భమున కరగిన ఱాతిద్రవము, చాలినంత నీటి యావిరితో గూడి చల్లారినచోట స్ఫటికములు పెద్దవిగా పెరుగును. అట్టి శిలకు పెగ్మటైటని పేరు. మన సీమలోని యినికుర్తి గనిలో పది అడుగుల వెడల్పుగల అభ్రకపు దిమ్మలు దొరకెనని చెప్పుదురు. 30 అంగుళముల పొడవు, 24 అంగుళముల వెడల్పు గల మచ్చలేని రేకులును అచ్చట వచ్చినవట. గనులవారు అట్టి దిమ్మను పుస్తకమందురు. దాని పుటలు విప్పినవారిలో పెక్కుమంది అక్షరము నేర్వని స్త్రీలు.

ఈ పనిని మగవారికన్న ఆడువారే చక్కగా చేయుదురని గనుల యజమానులు తొలినాటనే గ్రహించిరి. బీహారు సీమలో రేకు అంచులను కొడవలితో చెక్కువాడుక. మనవైపు కత్తెరతో కత్తిరించువాడుక. మచ్చను విడిచి, పగులును విడిచి, శుద్ధభాగమును మాత్రము నిలుపుటకు చేయియు కన్నును రెండును కావలెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున రేడియో యంత్రములకును విమానముల యింజనులకును అభ్రకము లేక గడవలేదు. 1942లో బ్రిటను, అమెరికా దేశములు కలసి మన అభ్రకమును కొనుటకు ప్రత్యేక సంఘమునే నియమించినవి. యుద్ధానంతరమున కృత్రిమ పదార్థములు వచ్చి, ట్రాన్సిస్టర్లు వచ్చి, గిరాకి తగ్గినది. పెక్కు గనులు మూతపడినవి. గుంతలు నీటితో నిండినవి. వాని ప్రక్క తుక్కుగుట్టలు మిగిలినవి.

ఆ తుక్కునకు విలువ కల్పించినది శాస్త్రమే. పనికిమాలిన తునుకలను సన్నముగ విడదీసి, కాగితము చేయు పద్ధతిని మరల పలకలుగా కూర్చవచ్చునని కనుగొనిరి. మఱియొక యుపయోగము విన్నచో మీరు వింతపడుదురు. నేలనూనె కొఱకు బావి తొలుచునపుడు లోనికి ఒకవిధమైన బురదను పంపుదురు. ఆ బురద బరువే లోపలి వాయువును అణచియుంచును. ఆ బరువు కొఱకు కలుపు ముగ్గుఱాయి కొండల కావల కడపసీమలో మంగంపేటయందు విస్తారముగ దొరకును; అది నీటికన్న నాలుగు రెట్లకు పైగా బరువు. వాయువు అదుపు తప్పినచో నేమగునో 1995 జనవరి 8వ తేదీన కోనసీమలోని పాశర్లపూడి చూపినది. అచ్చటి మంట 65 దినములు ఆఱలేదు. అయితే బురద ఎంత బరువుగ నున్ననేమి, ఱాతి పగుళ్లలోనికి కాఱిపోయినచో ఫలమేమి? అందులకే అభ్రకపు పొట్టును కలుపుదురు. అది పొలుసులవలె పోయి పగులునకు అడ్డుపడును. కుండ చిల్లికి మనము లక్క పూసినట్లన్నమాట. భూమిలోని వేడినీటిచే విద్యుత్తు పుట్టించుటకు తొలుచు బావులకును ఈ కాఱుడు బెడద గలదు. గోదావరి చెంత మణుగూరు ప్రాంతమున అట్టి వేడినీరు పైకి వచ్చుచున్నది. వేడినీరున్నచోట పగుళ్లుండును, ఆ నీరు నిలుచుటయే పగుళ్లలో గదా.

ఇక నేను ముఖ్యముగ చెప్పదలచినది దుమ్మునుగూర్చి.

అభ్రకము ఒంటరిగా నుండదు. పలుగుఱాతి నడుమ నుండును. దానిని వెలికి తీయవలెనన్న పలుగుఱాతిని తొలువవలెను, పేల్చవలెను, పగులగొట్టవలెను. అపుడు లేచు దుమ్ములో కంటికి కనబడునది అంతగా చెఱుపు చేయదు; ముక్కు, గొంతు దానిని ఆపును. తలవెంట్రుక మందములో పదియవ వంతుకన్న సన్నమైన రేణువులు మాత్రము ఊపిరితిత్తుల అడుగువఱకు దిగును. దేహమును కాపాడు కణములు వానిని మ్రింగి తామే చచ్చును. చచ్చినచోట మచ్చ కట్టును. మచ్చలు కలసి, మెత్తని ఊపిరితిత్తి గట్టిపడును. దీనికి సిలికోసిసని పేరు. ఒకమారు కట్టిన మచ్చను పోగొట్టు మందు లేదు. పని మానిన పిదపను అది పెరుగవచ్చును. ఈ రోగముగలవారికి క్షయ సులభముగ సోకును. పైకి ఆయాసము, దగ్గు మాత్రమే కనబడుటచే ఇంటివారు దానిని క్షయయనియే భ్రమపడి, దుమ్ముమాట వైద్యునికి చెప్పనే చెప్పరు.

గనులవారి సంక్షేమమునకై 1946లో అభ్రకపు గనుల చట్టము పుట్టెను. ఎగుమతియగు అభ్రకముపై పన్ను విధించి, ఆ ధనముతో కలిచేడులో ఆసుపత్రి నడిపిరి. అది మంచిపనియే. కాని ఆసుపత్రి రోగము వచ్చిన పిదప. రాకుండ చేయు ఉపాయము అంతకన్న చవుక: తొలుచు పనిముట్టు గుండ నీటిని పంపి ఱాతిని తడిపి తొలుచుట. తడిసిన దుమ్ము లేవదు. చీపురు పట్టుటకు ముందు వాకిట నీళ్లు చల్లు ఇల్లాలికి ఈ సంగతి ఎవరు చెప్పవలెను? అయినను, ఎండిన ఱాతిని ఎండినట్లే తొలిచి సమయము మిగుల్చుకొనువారు నేటికిని లేకపోలేదు.

అహమ్మదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థవారు చేసిన పని ఇచ్చట చెప్పదగినది. ఊపిరితిత్తులలో పుట్టు సీసీ16 అను ప్రోటీను, దుమ్ము తాకిడిచే రక్తములో తగ్గునని గుర్తించి, దానిని కొలుచు పరీక్షను వారు రూపొందించిరి. ఎక్స్‌రేలో మచ్చలు తేలకముందే అపాయమును అనుమానింపవచ్చును. మచ్చలు తేలిన పిదప చేయగలది స్వల్పము. ముందే తెలిసినచో ఆ మనిషిని దుమ్ములోనుండి తప్పింపవచ్చును.

ఇపుడీ మాట లేవనెత్తుటకు కారణము గలదు. 2015లో చిన్న ఖనిజముల పట్టీలో చేర్చిన అభ్రకమును, పలుగుఱాయి, ఫెల్స్‌పారు, ముగ్గుఱాళ్లతోపాటు, 2025 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము మరల పెద్ద ఖనిజముల పట్టీలోనికి మార్చినది. ఏలననగా, పెగ్మటైటులో లిథియము, బెరీలు, నయోబియము, టాంటలము వంటివి దాగియుండును. చిన్న ఖనిజముగ పట్టా పొందినవారు గాజునకును పింగాణికిని కావలసినది తీసికొని, తక్కినవి ఉన్నవని చెప్పుటయే లేదు. ఇకముందు శోధించి, లెక్క చెప్పి, తీయవలెనని దీని భావము. కావున పాతగుట్టలను మరల తిరుగవేయు దినములు రావచ్చును. ఆ గుట్టలలోని లిథియమును కొలుచు యంత్రములు రాకమానవు. వానితోపాటు గాలిలోని దుమ్మును కొలుచు యంత్రము వచ్చునా యని మన యూరివారు ముందే యడుగుట మంచిదని నా మతము. మొదటిది వచ్చి రెండవది రానిచో ఆ పరిశోధన సగమే.

1952 నాటి గనుల చట్టము స్త్రీలను భూగర్భములోని పనికి పోనీయలేదు. 2019లో సాంకేతిక, పర్యవేక్షణోద్యోగములకు ఆ నిషేధమును సడలించిరి. చదువుకొన్న మన పిల్లలు గనుల శాస్త్రము నేర్చి లోనికి దిగు కాలము వచ్చినది, సంతోషమే. పైన, గుట్టలయొద్ద, కత్తెర పట్టి కూర్చుండువారికి మాత్రము ఆ నిషేధము అడ్డురాలేదు, ఏ రక్షణయు అంతగా అందలేదు.

గనికిగాని, ఱాతిమరకుగాని, పలుగుఱాయి కొట్టు చోటికిగాని పోవువారు మీ యింట నున్నచో, వారు విడిచిన బట్టలను వాకిట దులుపకుడు. దులిపినపుడు లేచు దుమ్ము ముందుగా మీ ముక్కునకే, మీ చంకబిడ్డ ముక్కునకే చేరును. వానిని పొడిగ ముట్టక, ముందు నీటితొట్టిలో ముంచి, నానిన పిదపనే ఉతుకుడు. తక్కిన యింటిబట్టలతో కలుపకుడు. దగ్గు విడువనిచో వైద్యునియొద్ద చెప్పవలసిన మొదటి మాట, ఆ మనిషి ఎన్ని సంవత్సరములు ఏ ఱాయి కొట్టెనన్నది.