మెదడుచుట్టు రక్తస్రావము - సాధ్యాసాధ్య విచారము



చికిత్సకంటె ముందు వ్యాధి సాధ్యమా, యసాధ్యమా యని విచారింపవలెనని మన పూర్వుల నియమము. చరకసంహితయందు ఇంద్రియస్థానమను భాగము మరణసూచకములగు లక్షణములను దెల్పుటకే యేర్పడినది. నేఁటి వైద్యులును ఒక ఘోరవ్యాధివిషయమున నిట్టి విచారమునే యంకెలతోఁ జేయుచున్నారు. ఆపత్సమయమున రోగిని పట్టణమునకుఁ బంపుదమా, యింటనే యుంచుదమా యని జనులు గ్రామవృద్ధులగు మిమ్మునే యడుగుదురు. కాఁబట్టి మీరు దీని నెఱుఁగుట యవసరము.

మెదడును మూఁడు పొరలు కప్పియున్నవి. నడిమిపొరకును లోపలిపొరకును నడుమ నిర్మలమగు ద్రవము గలదు. మెదడు అడుగుభాగమున రక్తనాళములు వలయముగాఁ గలసియుండును. అవి శాఖలుగాఁ జీలుచోటఁ గొందఱికి నాళపుగోడ పలుచనై బుడగవలె నుబ్బును. అది పగిలినచో నెత్తురు ఆ ద్రవములోఁ జొచ్చి మెదడుచుట్టు వ్యాపించును. తలకు దెబ్బ తగులకయే కలుగు నిట్టి స్రావములలో నూటికి సుమారు 85 ఈ బుడగ పగులుటవలననే కలుగుచున్నవి. రక్తపుపోటు, పొగత్రాగుట దీనికి ముఖ్యహేతువులు. ఎన్నఁడు నెఱుఁగని తలనొప్పి పిడుగువలె నొక్కక్షణములో వచ్చుట దీని ప్రధానలక్షణము. వాంతులు, మెడ బిగియుట, స్పృహ తప్పుట దాని ననుసరించును.

రోగి బ్రతుకునా యనుటకు వైద్యుఁడు మొదటఁ జూచునది స్పృహ. 1968లో హంట్, హెస్ అనువారు రోగులను 5 తరగతులుగా విభజించిరి. కొంచెపు తలనొప్పి గలవాఁడు మొదటి తరగతి. గాఢమూర్ఛలో నున్నవాఁడు అయిదవ తరగతి. 1974లో గ్లాస్గోనగర వైద్యులు టీస్‌డేల్, జెన్నెట్ అనువారు స్పృహకు మార్కు లేర్పఱచిరి. కన్ను తెఱచుటకు 4, మాటకు 5, అవయవముల కదలికకు 6, వెరసి 15. అన్నిటికంటెఁ దక్కువ 3. 1988 నుండి ఈ మార్కులనుబట్టియుఁ దరగతులు నిర్ణయించుచున్నారు. 15 వచ్చినవాఁడు మొదటి తరగతి. 6కు మించనివాఁడు అయిదవ తరగతి. వీనితోపాటు రోగి వయస్సు, స్కానింగు చిత్రమునఁ గనఁబడు నెత్తురు పరిమాణము, బుడగ మరల పగులుట యనువానిని గూడ గణింతురు.

నేను చిరకాలము బడిలో మార్కులు వేసినవాఁడను. నడుమ పరీక్షలో వెనుకఁబడిన బాలుఁడు తుదిపరీక్షలో గెలుచుటయుఁ గన్నాను. ఈ మార్కులును అట్టివే. అవి నూర్గురలో నెందఱు బ్రతుకుదురో చెప్పఁగలవు గాని, యెదుటనున్న యొక్కని గతిని నిశ్చయింపలేవు. మెదడులో నీరు నిలిచినందున మూర్ఛిల్లినవాఁడు, ఆ నీరు తీసివేయఁగనే కన్ను తెఱచుట గలదు. అందుచేతనే మొదటి గంటలోని మార్కును వైద్యులు తుదిమాటగా నెంచరు. అసాధ్యమని విడిచినందుననే చచ్చినవానిని జూపి, మన మాట నిజమయ్యెననుట తర్కము గాదు.

బుడగ మరల పగులు భయము మొదటి 24 గంటలలో మిక్కుటము. దానిని మూయు శస్త్రచికిత్సలు నేఁడు గలవు. పిమ్మట 4వ దినము మొదలు 14వ దినమువఱకు నాళములు కుంచించి మెదడునకు రక్తము తగ్గు నపాయము గలదు. దానికిని ఔషధము గలదు. ఇవి యింట లభింపవు.

కాఁబట్టి పెద్దలారా! పిడుగువంటి తలనొప్పి యని వినఁగనే మాత్రలతోఁ గాలము పుచ్చక, 108 బండిని బిలిపించి, పెద్దయాసుపత్రికిఁ బంపుఁడు. సాధ్యాసాధ్య విచారము వైద్యునిది. ఆలస్యము కాకుండఁ జూచుట మనది.