పొరుగువారిని చూపిన ఛాయాచిత్రాలు

1946లో లండన్‌లో జన్మించిన పీటర్ శాండర్స్ తొలుత బాబ్ డిలన్, జిమీ హెండ్రిక్స్ వంటి సంగీతకారులను చిత్రించి పేరు పొందారు. ఆధ్యాత్మికాన్వేషణలో భారతదేశం వచ్చి, స్వదేశానికి మరలిన పిదప ఇస్లాం స్వీకరించారు. 1971లో హజ్ యాత్రను చిత్రించారు. ఆ రోజుల్లో పాశ్చాత్య ఛాయాగ్రాహకునికి అట్టి అనుమతి లభించడం అరుదు.

ఛాయాచిత్రణ విషయమై ఉలమాలలో భిన్నాభిప్రాయాలున్న మాట నిజమే. అయినా ఆయన కృషిలో మాకు మిక్కిలి విలువైనదిగా తోచేది హజ్ చిత్రాలు కాదు, ‘ది ఆర్ట్ ఆఫ్ ఇంటిగ్రేషన్’ ప్రదర్శన. అందులో కనిపించేది బ్రిటన్ ముస్లింల నిత్యజీవితం. 2005 జూలై లండన్ పేలుళ్ల అనంతరం నిరపరాధులైన ముస్లిం కుటుంబాలు సైతం తమ వీధిలోనే అనుమానపు చూపులను భరించవలసి వచ్చింది. అట్టి చూపులకు ఈ చిత్రాలు వాదనతో బదులివ్వవు. పొరుగింటి మనిషి ముఖాన్ని ఎదుట నిలుపుతాయి, అంతే. అనంతరం ఇవి పలు దేశాలలోనూ ప్రదర్శితమయ్యాయి.