హాలండేజ్ సాస్: అపోహలు – వాస్తవాలు

పోచ్డ్ ఎగ్ మీద పోసే సాస్‌లలో హాలండేజ్‌దే పెద్దపీట. పచ్చసొనలు, వెన్న, నిమ్మరసం, ఉప్పు, కాసిన్ని నీళ్లు: సరుకంతా ఇంతే. కాల్చిన మఫిన్ మీద హ్యామ్, దానిపై వేడినీళ్లలోకి పగలగొట్టి జారవిడిచి వండిన గుడ్డు, ఆపైన ఈ సాస్ పోస్తే అది ఎగ్స్ బెనెడిక్ట్. ఆ వంటకం ఫ్రాన్స్‌లో పుట్టిందనుకునేవారు ఎక్కువ. నిజానికి దాని పుట్టిల్లు న్యూయార్క్. మొదట చేసిందెవరన్న దానిపై ఆ నగరంలోనే ఒకటికి మించిన కథలున్నాయి. డెల్మోనికోస్ రెస్టారెంట్ వంటపెద్ద చార్లెస్ రాన్‌హోఫర్ 1894లో వెలువరించిన ‘ది ఎపిక్యూరియన్’లో దీని తయారీ కనిపిస్తుంది. సాస్ మాత్రం, పేరులో హాలండ్ ఉన్నా, ఫ్రెంచి వంటశాలల్లో స్థిరపడినదే.

చేయి తిరిగిన వంటవాళ్లకు తప్ప హాలండేజ్ కుదరదన్నది అన్నిటికన్నా బలమైన అపోహ. ఇళ్లలో దీని జోలికి చాలామంది పోకపోవడానికి ఒక కారణం కూడా ఇదే. సాస్ లోపల జరిగేది తెలిస్తే ఆ భయం సగం పోతుంది. కొవ్వు, నీరు వాటంతట అవి కలవవు. పచ్చసొనలోని లెసిథిన్, ప్రొటీన్లు కరిగిన వెన్నను అతిచిన్న బిందువులుగా విడగొట్టి, మళ్లీ ఒకటి కాకుండా నీటిలో నిలిపి ఉంచుతాయి. దీన్నే ఎమల్షన్ అంటారు. అది విరగడానికి ముఖ్య కారణాలు మూడు: వేడి మించడం, వెన్న ఒక్కసారిగా కుమ్మరించడం, నీరు చాలకపోవడం. పచ్చసొన సుమారు 65 డిగ్రీల సెల్సియస్ దగ్గర చిక్కబడటం మొదలుపెట్టి, 70 దాటితే గడ్డకడుతుంది. నీళ్లు, నిమ్మరసం కలిస్తే ఇంకాస్త వేడిని ఓర్చుకుంటుంది.

ఇద్దరు ముగ్గురికి 2 పచ్చసొనలు, ఒక టేబుల్‌స్పూన్ నీళ్లు, రెండు టీస్పూన్ల నిమ్మరసం, 120 గ్రాముల వెన్న సరిపోతాయి. సన్నగా ఆవిరి వచ్చే నీళ్ల మీద స్టీలు గిన్నె పెట్టి, అడుగు నీటికి తగలకుండా, పచ్చసొనలను నీళ్లతో కలిపి నురుగు కట్టి చిక్కబడేదాకా విస్క్‌తో గిలకొట్టాలి. తర్వాత కరిగించిన వెన్నను మొదట చుక్కలుగా, ఆపైన సన్నటి ధారగా పోయాలి. నిమ్మరసం, ఉప్పు చివర్లో చాలు. సత్తు గిన్నె మాత్రం వద్దు. పులుపు తగిలితే సాస్ బూడిదరంగుకు తిరుగుతుంది.

వెన్న ఎక్కువైతే సాస్ విరుగుతుందన్న మాట సగమే నిజం. ఒక పచ్చసొన మామూలుగా వాడే వెన్నకన్నా చాలా ఎక్కువ కొవ్వును మోయగలదు. ముందుగా కరువయ్యేది నీరు. సాస్ మరీ బిగుసుకుని అంచుల్లో నూనె మెరుస్తుంటే, ఒక చెంచా గోరువెచ్చని నీళ్లు పోసి గట్టిగా గిలకొడితే చాలాసార్లు సర్దుకుంటుంది.

విరిగిన సాస్‌ను పారబోయడం తప్ప దారి లేదనీ అంటారు. అక్కర్లేదు. వేరే గిన్నెలో ఒక పచ్చసొన, చెంచాడు నీళ్లు వెచ్చగా గిలకొట్టి, విరిగినదాన్ని కొంచెం కొంచెంగా అందులో కలిపితే సాస్ తిరిగి నిలుస్తుంది. పచ్చసొన గడ్డకట్టి పలుకులు పలుకులుగా మారితే మాత్రం ఎవరూ వెనక్కి తేలేరు.

వెన్నకు బదులు నెయ్యి పనికిరాదేమో అన్నది మన ఇళ్లలో వచ్చే సందేహం. పనికొస్తుంది. ఫ్రెంచి వంటవాళ్లలో చాలామంది వాడే తేటవెన్నకు నెయ్యి దగ్గరి చుట్టమే. అయితే కాచిన నేతిలో నీరు ఉండదు గనుక ఇంకొక చెంచా నీళ్లు కలపాలి. కమ్మటి నేతివాసన నిమ్మ పులుపును కప్పేస్తుంది కాబట్టి, రుచి పరంగా వెన్నదే పైచేయి. ఇక పసుపు వేసి రంగు తేవాలనుకోవడం అనవసరం. పచ్చసొన రంగు కోడి తిన్న మేతను బట్టి ఉంటుంది. రంగు లేతగా ఉన్నంత మాత్రాన సాస్ చిక్కదనం తగ్గదు.

అసలు ప్రమాదకరమైన అపోహ ఒకటుంది: నిమ్మరసం పచ్చసొనను ‘వండేస్తుంది’, క్రిములు చచ్చిపోతాయి అనేది. నిమ్మరసం మీద భరోసా పెట్టుకుని సాల్మొనెల్లా బ్యాక్టీరియాను మరచిపోకూడదు. మిక్సీలో వేడి వెన్న పోసి చేసే పద్ధతిలో పచ్చసొనకు తగిలే వేడి ఇంకా తక్కువ.  చేసిన సాస్‌ను వేడినీళ్లతో కడిగిన ఫ్లాస్కులో పోసి గంటసేపు వెచ్చగా ఉంచుకోవచ్చు. రెండు గంటలు దాటితే పారబోయడమే మంచిది.

పోచ్డ్ ఎగ్‌కు హాలండేజ్ ఒక్కటే తగిన సాస్ అన్నదీ నిజం కాదు. పాలకూరతో చేసే ఎగ్స్ ఫ్లోరెంటైన్‌కు మోర్నే సాస్ వాడే సంప్రదాయం ఉంది. వెన్నలో మైదా వేయించి, పాలు పోసి మరిగించి, పొయ్యి దించాక చీజ్ కలిపేది అది. దాన్ని చిక్కబరిచేది పిండి గనుక హాలండేజ్ అంత తేలిగ్గా విరగదు. టర్కీలో చేసే చిల్బిర్‌లో సాస్ అంటే వెల్లుల్లి కలిపిన చిక్కటి పెరుగు, పైన మిరప వేసి కాచిన వెన్న.

సాల్మొనెల్లా ముప్పు దృష్ట్యా చిన్నపిల్లలు, గర్భిణులు, వృద్ధులు ఉన్న ఇంట్లో గుడ్డును పచ్చసొన గట్టిపడేదాకా ఉడికించి, మోర్నే పోసి వడ్డించాలి.