టోల్గా గబ్బిలాల ఆసుపత్రి

టోల్గా గబ్బిలాల ఆసుపత్రి ఆస్ట్రేలియా దేశములోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రమున, ఆథర్టన్ పీఠభూమిపై ఉన్న వన్యప్రాణి సంరక్షణ కేంద్రము. దీనిని జెన్నీ మెక్‌లీన్ స్థాపించినది. గాయపడిన, జబ్బుపడిన, తల్లిని కోల్పోయిన గబ్బిలాలకు ఇక్కడ చికిత్స చేసి, కోలుకున్న వాటిని తిరిగి అడవికి విడుస్తారు. పనిలో అధిక భాగము స్వచ్ఛంద సేవకులే నిర్వహిస్తారు.

కళ్ళజోడు గబ్బిలము

ఈ కేంద్రమునకు వచ్చే ముఖ్యమైన జాతి కళ్ళజోడు గబ్బిలము (శాస్త్రీయ నామము: టెరోపస్ కాన్‌స్పిసిలేటస్). కళ్ళ చుట్టూ లేత పసుపు రంగు వెంట్రుకలు కళ్ళజోడు వలె కనబడుట వలన దీనికి ఈ పేరు వచ్చినది. తెలుగునాట మర్రి, చింత చెట్లకు వ్రేలాడే పెద్ద గబ్బిలము కూడా ఇదే ప్రజాతికి చెందినది. ఇది పండ్లు, పూదేనె ఆహారముగా తీసుకొనును. రాత్రిపూట చాలా దూరము ఎగురుతూ వర్షారణ్య వృక్షాల విత్తనాలను వెదజల్లుతుంది, పరాగ సంపర్కమునకు తోడ్పడుతుంది. ఆడ గబ్బిలము సాధారణముగా ఏడాదికి ఒక్క పిల్లనే కంటుంది. అందువలన ఒక్కసారిగా జరిగిన నష్టము పూడుటకు చాలా కాలము పడుతుంది.

పిడుదుల కాలము

భూమి దక్షిణార్ధగోళములో అక్టోబరు నుండి డిసెంబరు వరకు వసంతము, వేసవి ఆరంభము. గబ్బిలాలు పిల్లలను కనే ఈ కాలములోనే పక్షవాతపు పిడుదుల (గోమార్ల) బెడద కూడా ఎక్కువ. అడవి పొగాకు అనే పొద వంటి చిన్న చెట్టు పండ్ల కొరకు గబ్బిలాలు నేలకు దగ్గరగా దిగినపుడు పిడుదులు అంటుకొనునని భావిస్తున్నారు. పిడుదు లాలాజలములోని విషము వలన కండరాలు చచ్చుబడి, గబ్బిలము ఎగురలేక పడిపోతుంది. చికిత్స అందకపోతే ఊపిరి ఆడక మరణిస్తుంది.

ఈ నెలలలో సేవకులు గబ్బిలాల నివాసములో చెట్ల క్రింద వెదకుతారు. దొరికిన వాటి నుండి పిడుదును తొలగించి, విషహర సీరమును ఇస్తారు. చనిపోయిన తల్లిని కరచుకొని పిల్ల సజీవముగా దొరకుట సాధారణము.

పిల్లల పెంపకము

అనాథ పిల్లలను గుడ్డలో చుట్టి, వెచ్చగా ఉంచి, సీసాతో పాలు పడతారు. తల్లి చనుమొనను పట్టుకొనే అలవాటు గల పిల్లకు నోటిలో పాలపీక ఉంచుతారు. తరువాత పండ్లు అలవాటు చేసి, ఎగురుట నేర్చుకొనుటకు పెద్ద పంజరములోకి మారుస్తారు. వేసవి ముగిసే వేళకు ఇవి సమూహములో కలియుటకు సిద్ధమగును. విడిచిన తరువాత కూడా కొంతకాలము ఆహారము అందిస్తారు.

ముళ్ళతీగలు

పొలాల కంచెలకు కట్టిన ముళ్ళతీగలలో చిన్న ఎర్ర గబ్బిలాలు, గొట్టపు ముక్కు గబ్బిలాలు చిక్కుకుంటాయి. చీలిన రెక్క పొర మానునో, ఎండిపోవునో తెలియుటకు కొన్ని రోజులు పడుతుంది. మరల ఎగురలేని కొన్నిటిని కేంద్రములోనే జీవితాంతము పోషిస్తారు. కంచె పై వరుసలో ముళ్ళు లేని తీగ వాడితే ఈ ప్రమాదము చాలావరకు తగ్గును.

2018 వడగాడ్పులు

2018 నవంబరు చివరలో కెయిర్న్స్ నగరములో ఉష్ణోగ్రత 42.6 డిగ్రీల సెల్సియస్‌కు చేరినది. గబ్బిలాలు రెక్కలతో విసురుకొని, ఒంటిని నాకుకొని చల్లబరచుకుంటాయి. 42 డిగ్రీలు దాటిన ఎండలో ఈ ఉపాయాలు చాలవు. సుమారు 23,000 కళ్ళజోడు గబ్బిలాలు మరణించినవి. ఇది ఆస్ట్రేలియాలోని ఈ జాతి సంఖ్యలో దాదాపు మూడవ వంతు. వందల కొద్దీ అనాథ పిల్లలు సంరక్షకుల చేతికి వచ్చినవి. 2002లో 'దుర్బల జాతి'గా నమోదైన ఈ గబ్బిలమును 2019 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా ప్రభుత్వము 'అంతరించే ప్రమాదమున్న జాతి'గా ప్రకటించినది.

జాగ్రత్తలు

1996లో ఆస్ట్రేలియా గబ్బిలాలలో రేబీస్‌ను పోలిన లిస్సావైరస్ కనుగొనబడినది. ఇది కాటు, గీరుడు ద్వారా మనుషులకు సోకవచ్చును. లక్షణాలు కనబడిన తరువాత ప్రాణము నిలుపుట దాదాపు అసాధ్యము. కనుక రేబీస్ టీకా పొంది, శిక్షణ తీసుకున్నవారే గబ్బిలాలను ముట్టుకోవలెను. నేలపై పడిన గబ్బిలము కనబడితే ఇతరులు దానిని తాకక, సంరక్షకులకు తెలియజేయవలెను. కరచినా, గీరినా గాయమును వెంటనే సబ్బు, నీటితో బాగుగా కడిగి వైద్యుని సంప్రదించవలెను.