మోటార్‌సైకిల్ గుండె... కారు ఒళ్లు!

ఎరుపొకటి, తెలుపొకటి, నీలమొకటి... మూడు బుల్లి కార్లు! టూరిన్ నగరంలో మెట్ల మీదుగా దిగుతాయి, సొరంగాల్లో దూరతాయి, పోలీసులకు పట్టపగలే చుక్కలు చూపిస్తాయి. 1969లో వచ్చిన 'ది ఇటాలియన్ జాబ్' చూసినవాళ్లకి ఈ పాటికి గుర్తొచ్చే ఉంటుంది. అందులో హీరో మైకేల్ కెయినా, లేక ఆ మినీ కూపర్లా అంటే ఠక్కున చెప్పడం కష్టమే! ఆ కథనే 2003లో హాలీవుడ్ వాళ్లు మళ్లీ తీశారు. 2012లో 'ప్లేయర్స్' పేరుతో హిందీలోకీ వచ్చింది. తారాగణం మారినా మినీ కూపర్లు మాత్రం ప్రతిసారీ తెర మీదకి వచ్చాయి.

సరే, 'మినీ' అంటే చిన్నదని తెలుసు. మరి ఈ 'కూపర్' ఎవరు?

జాన్ కూపర్ అని, ఇంగ్లండులో ఓ గరాజు యజమాని కొడుకు. 1961లో మినీ కారుకి తన పేరిచ్చే నాటికే ఆయన ప్రపంచ ప్రసిద్ధుడు. అయితే అసలు విశేషం అది కాదు. కూపర్ల పేరుతో వెలసిన మొదటి రేసు కారులో ఉన్నది కారు ఇంజనే కాదు... మోటార్‌సైకిల్ ఇంజన్!

రెండు మొహాల కారు

అది 1946. యుద్ధం ముగిసింది గాని ఇంగ్లండులో పెట్రోలుకింకా రేషనే. కుర్రాళ్లకు రేసుల మీద మోజుంది, జేబులో డబ్బు లేదు. అలాంటివాళ్లు కొందరు కలిసి ఓ ఉపాయం ఆలోచించారు. పెద్ద ఇంజన్లు మనకి అందవు కాబట్టి 500 సీసీ మోటార్‌సైకిల్ ఇంజన్లతోనే కార్లు కట్టుకుని పందేలు పెట్టుకుందాం అని!

లండన్ పక్కన సర్బిటన్‌లో చార్లెస్ కూపర్‌కి ఓ గరాజు ఉండేది. కొడుకు జాన్‌కి అప్పటికి 23 ఏళ్లు. అతనూ, అతని మిత్రుడు ఎరిక్ బ్రాండన్ పనిలోకి దిగారు. 'టోపోలినో' అనే చిన్న ఫియట్ కార్లు రెండు తీసుకుని, రెంటి ముందు భాగాలూ కోసి వీపు వీపు కలిపి అతికేశారు! ముందు భాగాలే ఎందుకంటే, ఆ కారు ముందు చక్రాలు దేనికది విడిగా పైకీ కిందకీ ఆడతాయి. రెండు ముందు భాగాలు కలిపితే నాలుగు చక్రాలకూ ఆ సుఖం దక్కుతుంది. అందులోకి జె.ఎ.పి. కంపెనీ వాళ్ల ఒంటి సిలిండర్ రేసు బైకు ఇంజన్ వచ్చింది.

ఇంజన్ ఎక్కడ పెట్టాలన్నది తర్వాతి సమస్య. బైకు ఇంజన్ చక్రాన్ని తిప్పేది చైనుతో కదా! ఇంజన్ని ముందు పెడితే వెనక చక్రాల దాకా అంత పొడవు చైను లాగడం ఇబ్బంది. అదే డ్రైవరు వీపు వెనక పెడితే పొట్టి చైనుతో పని తెమిలిపోతుంది. అందుకని వెనకే పెట్టారు. ఇందులో గొప్ప సిద్ధాంతమేమీ లేదు. పని సులువవుతుందని చేశారు, అంతే!

ఆ బండి పరుగు చూసి, మాకూ ఒకటి కావాలని జనం వచ్చారు. 1948లో అలా కూపర్ కారు కొన్న ఓ 18 ఏళ్ల కుర్రాడి పేరు స్టిర్లింగ్ మాస్. కొన్నాళ్లకి జె.ఎ.పి. కంటే 'నార్టన్' బైకు ఇంజన్ మేలని తేలింది. కాని నార్టన్ వాళ్లు ఇంజన్ ఒక్కటే విడిగా అమ్మేవాళ్లు కాదు. దాంతో రేసు కుర్రాళ్లు బైకు మొత్తం కొని, ఇంజన్ ఊడదీసుకుని, మిగిలింది మూల పడేసేవారు. ఆ అనాథ ఫ్రేముల్లో ఇంకొందరు 'ట్రయంఫ్' ఇంజన్లు బిగించి 'ట్రైటన్' అనే కొత్త బైకునే పుట్టించారు!

అర్జెంటీనాలో క్లైమాక్స్

ఇక్కడ పదేళ్లు గడిచాయనుకోండి. 1958 జనవరి, అర్జెంటీనా గ్రాండ్ ప్రీ. ఎద్దులు బండికి ముందుండాలన్నట్టు, రేసు కారుకి ఇంజన్ ముందే ఉండాలని అప్పట్లో గట్టి నమ్మకం. యుద్ధానికి ముందు జర్మనీలో ఆటో యూనియన్ వాళ్లు వెనక పెట్టి గెలిచినా, ఆ సంగతి అందరూ మరిచిపోయారు. బరిలో ఫెరారీలున్నాయి. వాటి మధ్య రెండు లీటర్లకి లోపే ఇంజనున్న చిన్న కూపర్ ఒకటి. ఇప్పుడందులో ఉన్నది బైకు ఇంజన్ కాదు, క్లైమాక్స్ కంపెనీ ఇంజన్. కాని దాన్ని పెట్టిన చోటు మాత్రం ఆ పాత చైను చూపించిన చోటే! డ్రైవరు ఎవరనుకున్నారు? మన స్టిర్లింగ్ మాసే!

కూపర్ చక్రాలు మార్చాలంటే చాలా సేపు పడుతుంది. ఆ సంగతి తెలిసిన ఫెరారీ వాళ్లు, ఎలాగూ ఆగుతాడు కదా అని ధీమాగా ఉన్నారు. మాస్ మెకానిక్కులు కూడా చక్రాలు బయట పెట్టి, అదిగో మారుస్తాం ఇదిగో మారుస్తాం అన్నట్టు నటించారు. మాస్ ఆగితే కదా! టైర్లు అరిగి లోపలి పోగులు బయటపడుతున్నా అలాగే నడిపి, మూడు సెకన్ల లోపు తేడాతో గెలిచాడు. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో వెనక ఇంజన్ కారుకి అదే మొదటి గెలుపు.

1959లోనూ, 1960లోనూ జాక్ బ్రాబమ్ కూపర్ కారుతోనే ప్రపంచ విజేత అయ్యాడు. 1961కల్లా ఫెరారీ కూడా ఇంజన్ని వెనక్కి జరిపేసింది. ఆ తర్వాత ముందు ఇంజన్ కారు ఒక్క ప్రపంచ చాంపియన్‌షిప్ రేసు గెలిస్తే ఒట్టు!

పెట్టెల్లో వచ్చే కారు

మరి మామూలు కుర్రాడి సంగతేమిటి? వాడి కోసమే 'కిట్ కారు' పుట్టింది. కిట్ కారంటే విడిభాగాలుగా ఇంటికొచ్చే కారు. బిగించుకోవడం మీ పని. అందులో మకుటంలేని మహారాజు 1957లో వచ్చిన 'లోటస్ సెవెన్'. అప్పుడు ఇంగ్లండులో తయారైన కారుకి పన్ను ఉంది, విడిభాగాలకి లేదు. కాని బిగించే విధానం రాసిచ్చారో, అది తయారైన కారు కిందే లెక్క! అందుకని కంపెనీ వాళ్లు 'విప్పదీసే విధానం' రాసిచ్చేవారనీ, కొన్నవాళ్లు దాన్ని కింద నుంచి పైకి చదువుకునేవారనీ సరదాగా చెప్పుకుంటారు.

ఇలాంటి సెవెన్ తరహా కార్లలోకే ఇప్పుడు బైకు ఇంజన్లు ఎక్కిస్తున్నారు. 2004లో 'ధూమ్'లో జాన్ అబ్రహంతో పాటు మన కుర్రకారు మనసు దోచిన సుజుకి హయబుసా గుర్తుందా? 1999లో వచ్చిన ఆ బైకు ఇంజన్ 1300 సీసీ. శక్తి సుమారు 175 గుర్రాలు! గేరుబాక్సు కూడా అందులోనే ఇమిడి ఉంటుంది. సుమారు 500 కిలోల కారులో దాన్ని పెడితే ఇంకేముంది... అందులో కూర్చున్నవాడే హీరో!

అత్తారింటి కష్టాలు

కాని పుట్టింట్లో గారాబంగా పెరిగిన పిల్లకి అత్తారిల్లు కొత్త కాదూ? బైకు ఇంజనుకీ అంతే.

మొదటి చిక్కు, రివర్సు గేరు. బైకుకి దానితో పనేముంది? కారుకి లేకపోతే మాత్రం దిగి తోసుకోవాల్సిందే. అందుకని విడిగా ఓ రివర్సు పెట్టో, చిన్న కరెంటు మోటారో తగిలిస్తారు. రెండోది క్లచ్చి. 220 కిలోల బైకుని కదిలించడానికి చేసిన క్లచ్చి, అంతకు రెట్టింపు పైన బరువు మీద పడితే జారిపోతుంది. దానికి గట్టి స్ప్రింగులు వేస్తారు. మూడోది మరీ తమాషా! సైడు స్టాండు ఎత్తారా, బండి పడిపోయిందా అని బైకు వైర్లు కనిపెడుతూ ఉంటాయి. కారుకి స్టాండెక్కడిది? అన్నీ సరిగానే ఉన్నాయని ఆ వైర్లకి నచ్చజెబితే గాని ఇంజన్ స్టార్టు కాదు.

ఇవన్నీ ఒక ఎత్తు, నాలుగోది ఒక ఎత్తు. అసలు విలన్ అదే... ఆయిలు! నీళ్ల బిందె ఒళ్లో పెట్టుకుని ఆటోలో కూర్చున్నారనుకోండి. మలుపులో ఏమవుతుంది? నీళ్లు ఓ పక్కకి ఎగదన్నుతాయి. బైకు మలుపులో తానే ఒరుగుతుంది కాబట్టి ఆయిలు అడుగునే కుదురుగా ఉంటుంది. కారు అలా ఒరగదు. ఆయిలు పక్క గోడకి ఎగబాకితే, అడుగున పంపుకి గాలే దొరుకుతుంది. నిమిషానికి పదివేల చుట్లు తిరిగే ఇంజన్ ఆయిలు లేకుండా కొద్ది సెకన్లు నడిచినా చాలు, బేరింగులు మాడిపోతాయి! ఆయిలు తొట్టిలో అడ్డుగోడలు కట్టడమో, ఆయిలు వేరే ట్యాంకులో నిలవ చేయడమో దీనికి మందు. చాలామంది కొత్తవాళ్లు శక్తి లెక్కలు వేసుకుంటారు గాని ఈ బిందె సంగతి మర్చిపోతారు. మొదటి పెద్ద మలుపులోనే కథ కంచికి!

ఇంకో మాట. ఈ ఇంజన్ బలమంతా పరుగులోనే, బరువు లాగడంలో కాదు. తేలికపాటి కారులో పెడితేనే దాని ఆటలు. నలుగుర్ని ఎక్కించుకుని, డిక్కీ నిండా సామాను కుక్కితే ఆయాసపడుతుంది. కూపర్లకి కలిసొచ్చిందీ ఆ తేలికతనమే.

మరి మన కుర్రాళ్లు?

ఇంట్లో బైకుంది, షెడ్డులో పాత కారుంది, ఇంకేం అంటూ స్పానరు పట్టుకుంటున్నారా? ఒక్క క్షణం ఆగండి! మన 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను ఒకటుంది. కంపెనీ నిర్దేశించిన వివరాలకి భిన్నంగా బండిని మార్చి రోడ్డెక్కడం కుదరదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చి చెప్పింది. పోలీసుల మాట అటుంచండి. చేతి అతుకు ఊడితే పోయేది మీ ప్రాణమే కాదు, ఎదురుగా వచ్చేవాళ్ల ప్రాణం కూడా!

అయితే ఈ కలకి రాచబాట ఒకటుంది. ఇంజనీరింగ్ విద్యార్థుల 'ఫార్ములా స్టూడెంట్' పోటీల్లో కుర్రాళ్లే కారు గీసి, వెల్డు చేసి, నడుపుతారు. పెట్రోలు కార్లకి 710 సీసీ దాటని ఇంజను ఉండాలి. అందుకే బైకు ఇంజన్లదే అక్కడ రాజ్యం. మన దేశంలో కోయంబత్తూరు కరి ట్రాకు మీద 'ఫార్ములా భారత్' పేరుతో అలాంటి పోటీ జరుగుతోంది. ముందు తనిఖీలో పెద్దలు నట్టు నట్టూ పరీక్షించాకే కారుని ట్రాకు మీదకి వదులుతారు.

జాన్ కూపర్ 2000లో కన్నుమూశారు. ఈసారి 'ఇటాలియన్ జాబ్'లో ఆ మూడు కార్లూ మెట్లు దిగుతున్నప్పుడు, సర్బిటన్ గరాజులో రెండు ఫియట్ ముక్కల మధ్య నిలబడి ఇంజన్ ఎక్కడ పెట్టాలా అని తల గోక్కుంటున్న ఆ 23 ఏళ్ల కుర్రాణ్ణి కూడా ఒకసారి తలుచుకోండి. టికెట్టు డబ్బులు రెండింతలు గిట్టినట్టే!